సాయం వేరు, అమ్ముడుపోవడం వేరు

సంక్రాంతి కబడ్డీ పోటీల్లో కుర్రాళ్ల బనియన్లపై ఎరువుల కొట్టు పేరు కనిపిస్తే చాలు, 'షావుకారుకు అమ్ముడుపోయారు' అనే పెద్దలు మన పల్లెల్లో ఉన్నారు. ఆ బనియన్లకు రూపాయి చందా ఇచ్చినవారు మాత్రం వీరిలో కానరారు.

డబ్బు తీసుకోవడం తప్పు కాదు. బదులుగా ఏమిస్తున్నామన్నదే చూడాలి. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచాక పుల్లెల గోపీచంద్ శీతల పానీయం ప్రకటనకు ఒప్పుకోలేదు. తాను మానేసినదాన్ని పిల్లలను తాగమనడం ఆయనకు నచ్చలేదు. అదే గోపీచంద్ హైదరాబాదులో అకాడమీ కోసం ఇల్లు తాకట్టు పెట్టారు, ఒక పారిశ్రామికవేత్త ఇచ్చిన 5 కోట్ల రూపాయల విరాళాన్నీ స్వీకరించారు. అక్కడ తయారైన పి.వి.సింధు 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం తెచ్చింది. ఆయన అమ్ముడుపోయారని ఎవరనగలరు?

ఇక మన విశాఖ సంగతి. ఇక్కడి పోర్టు హైస్కూలులో చదివిన జ్యోతి యర్రాజి 2023 ఆసియా క్రీడల్లో 100 మీటర్ల హర్డిల్స్‌లో రజతం సాధించింది. ఆమెకు తర్ఫీదు దొరికింది భువనేశ్వర్‌లో, ఒడిశా ప్రభుత్వం, రిలయన్స్ ఫౌండేషన్ కలిసి నెలకొల్పిన కేంద్రంలో. ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న ఊరి పిల్ల పొరుగు రాష్ట్రం పోవలసి వచ్చిందంటే సిగ్గుపడవలసింది ఆమె కాదు, మనం.

కనుక స్థానిక కంపెనీలు ముందుకు రావాలి. గుట్కా, మద్యం పేర్లు పిల్లల ఛాతీపై వద్దు. బూట్లు, కోచ్, కడుపునిండా తిండి ఇచ్చేవారి పేరు ఉంటే తప్పులేదు. వచ్చే సంక్రాంతికి విమర్శించే పెద్దలు ముందుగా చందా పుస్తకంలో తమ పేరు రాయించాలి.