బొంతకు కొత్త గుడ్డెందుకు?

బొంత కుట్టడం నేర్చుకుంటామంటూ ముందే కొత్త గుడ్డలు కొనేవాళ్లను చూస్తే నాకు జాలి. పాత నూలు చీరే మేలు: ఉతికి ఉతికి కుంచించుకుపోవాల్సినంత పోయి ఉంటుంది, సూది ఇట్టే దిగుతుంది. పాలిస్టర్ జారిపోతుంది, దాని జోలికి పోవద్దు. మొదటి బొంత మంచానికంత అక్కర్లేదు, పసిపిల్ల పక్కకు సరిపోయేంత చాలు. నాలుగు పొరలు నేలమీద పరిచి, చేత్తో సాపు చేసి, ముందు పెద్ద పెద్ద టాకాలు వేయాలి. అసలు కుట్టు నడిమధ్య నుంచి అంచులకు సాగాలి. అంచున మొదలెడితే గుడ్డంతా మధ్యకు చేరి ఉబ్బుతుంది. కుట్లు వంకరపోయినా, గుడ్డ కాస్త ముడతపడినా పోనివ్వండి. బెంగాల్ కాంథా బొంతకు అందం తెచ్చేది సన్నకుట్లు లాగిన ముడతలే కదా! దారం మాత్రం మూరెడుకు మించి తీసుకోకండి, చిక్కుపడితే విప్పేసరికి పొద్దుగూకుతుంది.