అరిసెలకు నోచుకోని అడుగులు

తెలుగింట శిశువు పెరుగుదలను కొలిచే కొలబద్ద ఒకటి ఉన్నది. అది వైద్యశాలలో లేదు, వంటింట్లో ఉన్నది. బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు చేసి ఇరుగుపొరుగులకు పంచుతారు. గడప దాటితే గారెలు వండుతారు. తొలి అడుగు వేస్తే అరిసెలు చేస్తారు. ప్రాంతాన్ని బట్టి పిండివంట పేరు మారవచ్చు, ఇంటి ఆచారాన్ని బట్టి పద్ధతి భేదించవచ్చు. కాని పసిబిడ్డ దేహం సాధించిన ప్రతి విజయాన్నీ నాలుగిళ్లకు చాటాలన్న ఆనందం అందరిదీ. తల నిలపడం, బోర్లా పడడం, కూర్చోవడం, దోగాడడం, నిలబడడం, నడవడం అనే క్రమాన్ని ఏ గ్రంథమూ చదవని అమ్మమ్మలు, నాయనమ్మలు తరతరాలుగా గుర్తుపెట్టుకున్నారు. ఆధునిక శిశువైద్యం చెప్పే క్రమం కూడా దాదాపు ఇదే.

అయితే ఈ కొలబద్దకు ఒక లోపం కలదు. దానిపై ఉన్నవి రెండే గీతలు: అయినది, కాలేదు. అరిసెలు పంచడమో, పంచకపోవడమో తప్ప నడిమి స్థితి లేదు. ఆరోగ్యవంతుడైన శిశువు విషయంలో ఈ లోపం ఎవరికీ కనిపించదు. నెల అటో ఇటో అతడు ఎలాగూ నడుస్తాడు. కాని మూడేళ్లు నిండినా మెడ నిలవని బిడ్డ ఉన్న ఇంట ఆ కొలబద్ద కఠినమైన తీర్పరిగా మారిపోతుంది. నిన్నటిదాకా తలను క్షణమైనా నిలపలేని ఆ బిడ్డ నేడు పది క్షణాలు నిలిపితే, దానికి ఏ పిండివంటా లేదు. అదీ ఒక విజయమేనని ఆ తల్లికి చెప్పేవారు లేరు. ఆ నడిమి గీతల ప్రాధాన్యాన్ని విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇట్టి బిడ్డలలో పలువురిని బాధించేది సెరిబ్రల్ పాల్సీ. దీనినే తెలుగులో మస్తిష్క పక్షవాతం అంటున్నాము. గర్భంలో ఉండగానో, ప్రసవ సమయంలోనో, పుట్టిన తొలినాళ్లలోనో, ఎదుగుతున్న మెదడుకు కలిగిన హాని వలన దేహభంగిమపై, కదలికపై అదుపు లోపించడం దీని లక్షణం. నెలలు నిండని కాన్పు, పుట్టుకలో ప్రాణవాయువు అందకపోవడం, పసికందుకు తీవ్రమైన పచ్చకామెర్లు, మెదడు పొరలకు సోకే వ్యాధులు దీని కారణాలలో కొన్ని. 1861లో లండన్ వైద్యుడు విలియం జాన్ లిటిల్ కష్టప్రసవానికీ ఈ స్థితికీ ఉన్న సంబంధాన్ని తోటి వైద్యులకు వివరించాడు. మనస్తత్వ శాస్త్రజ్ఞుడుగా మనమెరిగిన సిగ్మండ్ ఫ్రాయిడ్ 1897లో ఇదే విషయంపై పెద్ద గ్రంథం వ్రాసి, కష్టప్రసవమే ఒక్కొక్కప్పుడు అంతకు ముందే గర్భంలో జరిగిన హానికి సూచన కావచ్చునని హెచ్చరించాడు. వెయ్యి మంది పిల్లలలో సుమారు ఇద్దరు ముగ్గురికి ఇది కలుగుతుందని వైద్యులు చెప్పే లెక్క. ఇది అంటువ్యాధి కాదు. గ్రహణదోషం కాదు, పూర్వజన్మ పాపం కాదు. తల్లి చేసిన అపరాధం అంతకన్నా కాదు. మెదడుకు కలిగిన హాని పెరగదు. కాని పెరిగే దేహంపై దాని ప్రభావం ఏటేటా మారుతూ ఉంటుంది. కనుకనే ఒక్కసారి చూసి చెప్పే మాట చాలదు. పదే పదే కొలవడం అవసరం.

ఈ అవసరాన్ని తీర్చే సాధనం కెనడా దేశంలో రూపొందింది. డయాన్ రస్సెల్, పీటర్ రోజెన్‌బామ్ మొదలైన పరిశోధకులు 1989లో గ్రాస్ మోటార్ ఫంక్షన్ మెజర్ అనే పరీక్షను ప్రకటించారు. క్లుప్తంగా జి.ఎం.ఎఫ్.ఎం. అంటారు. దానిలో 88 అంశాలు, అయిదు భాగాలు ఉన్నవి. పడుకొని దొర్లడానికి 17, కూర్చోవడానికి 20, దోగాడి మోకాళ్లపై నిలవడానికి 14, నిలబడడానికి 13, నడక, పరుగు, గెంతులకు 24 అంశాలు కేటాయించారు. వెల్లకిలా పడుకొని తలను నడిమికి నిలపడంతో ఆరంభమై, 15 సెంటీమీటర్ల ఎత్తు మెట్టు మీద నుండి రెండు కాళ్లతో ఒక్కసారి దూకడంతో ఈ పరీక్ష ముగుస్తుంది. సాధారణంగా ఎదిగే అయిదేళ్ల బిడ్డ వీటినన్నిటినీ చేయగలడు. మన అమ్మమ్మల పిండివంటల వరుసను ఎవరో 88 మెట్లుగా విడగొట్టినట్లు ఉంటుంది ఈ పట్టిక.

కాని అసలు విశేషం మెట్ల సంఖ్యలో లేదు, మార్కులు వేసే పద్ధతిలో ఉన్నది. ప్రతి అంశానికీ సున్న నుండి మూడు దాకా మార్కులు. ప్రయత్నమే ఆరంభించకపోతే సున్న. ఆరంభిస్తే ఒకటి. కొంత మేరకు చేయగలిగితే రెండు. పూర్తిచేస్తే మూడు. ఒక్కొక్క అంశానికి మూడు ప్రయత్నాలకు అవకాశమిచ్చి, వాటిలో మేలైనదానినే లెక్కకు తీసుకుంటారు. మన వంటింటి కొలబద్దలో సున్న ఉన్నది, మూడు ఉన్నది. ఒకటి, రెండు లేవు. మస్తిష్క పక్షవాతం గల బిడ్డ జీవితమంతా ఆ ఒకటి, రెండుల మధ్యనే గడుస్తుంది. ఆ అంకెలను గుర్తించని సమాజానికి అట్టి బిడ్డ ఎప్పుడూ సున్నగానే కనిపిస్తాడు. కొలత అనగానే మనకు తక్కువ చేయడం, తూకం వేసి పక్కన పెట్టడం గుర్తుకు వస్తాయి. ఈ కొలత అట్టిది కాదు. ఇది బిడ్డను పక్కింటి పిల్లలతో పోల్చదు. నిన్నటి తనతో నేటి తనను పోల్చి చూపుతుంది.

1997లో రాబర్ట్ పాలిసానో, ఆయన సహచరులు ఈ పిల్లలను నిత్యజీవితంలోని కదలికను బట్టి అయిదు స్థాయిలుగా వర్గీకరించారు. ఆధారం లేకుండా నడిచేవారు మొదటి స్థాయి. తలను, మొండెమును నిలపడానికి సైతం పరుల సాయం కావలసినవారు అయిదవ స్థాయి. 2002లో పీటర్ రోజెన్‌బామ్ బృందం ఒంటారియో రాష్ట్రంలోని 657 మంది పిల్లలను ఏళ్ల తరబడి కొలిచి, ఒక్కొక్క స్థాయికి ఒక్కొక్క వికాసరేఖను గీసింది. ఆ రేఖలు చెప్పిన సత్యం గంభీరమైనది. స్థూల కదలికలలో బిడ్డ అందుకోగల మేరలో పదింట తొమ్మిది వంతులు మొదటి స్థాయివారు సగటున అయిదేళ్లలోపు, అయిదవ స్థాయివారు మూడేళ్లలోపు అందుకుంటున్నారు. అనగా బడిలో వేసే వేళకు నిచ్చెనలో పెద్ద భాగం దాటిపోతున్నది. పెద్దయితే అదే సర్దుకుంటుందిలే అని ఆప్యాయంగా చెప్పే మాట ఆ బిడ్డకు ఎంత నష్టం కలిగిస్తున్నదో ఆలోచించండి.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరం. ఆ రేఖ సగటు మాత్రమే. ఒంటారియో పిల్లల గీతను మన పిల్లల తలరాతగా భావించరాదు. అచ్చటి పిల్లలు వైద్యసేవలు అందుకుంటున్నవారు. మన పిల్లలను మనం కొలిచినప్పుడే మన రేఖ మనకు తెలుస్తుంది. అంతేకాదు, దేహపు కదలిక మనిషికి సర్వస్వం కాదు. మన దేశంలో మస్తిష్క పక్షవాతం గల పిల్లల విద్య కొరకు 1972లో బొంబాయిలో స్పాస్టిక్స్ సొసైటీని స్థాపించినవారు మిథూ అలూర్. ఆమె కుమార్తె మాలినీ చిబ్ ఈ స్థితితోనే జీవిస్తూ, ఒక్క వేలితో అక్షరాలు నొక్కుతూ ఆత్మకథ రచించింది. నడక మార్కులు తక్కువైనంత మాత్రాన బుద్ధి మార్కులు తక్కువ కావు.

ఇక మన ప్రాంతం సంగతి. కంచిలి, కవిటి, సోంపేట, మందస ప్రాంతాల ప్రజలకు అంకెలతో పరిచయం కొత్త కాదు. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఎన్ని ఇళ్లను కూల్చిందో లోకానికి తెలుసు. ఆ విషాదం మనకు ఒక విద్య నేర్పింది. జీడితోటలో పనిచేసే కూలీ కూడా నేడు క్రియాటినిన్ అనే మాటను తడబడకుండా పలుకుతాడు. కిందటి పరీక్షలో ఎంత, ఈసారి ఎంత అని చెప్పగలడు. ఆ అంకె పెరిగితే ఎక్కడికి పోవాలో, ఎవరిని అడగాలో అతనికి తెలుసు. అంకె ఊరి నోట పడిన తరువాతనే ప్రభుత్వాలు కదిలాయి. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన మూత్రపిండాల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి వెనుక ఏళ్ల తరబడి ప్రజలు వినిపించిన గోడు ఉన్నది. కదలలేని బిడ్డ గురించి అట్టి అంకె మన నోట లేదు. ఆ తల్లి అడిగే ప్రశ్న ఒక్కటే: "మా గుంటడు నడుస్తాడా బాబూ?" దానికి దొరికే జవాబులు రెండే, నడుస్తాడు, నడవడు. మొదటిది విని ఆమె దొరికిన వైద్యుల వెంటనెల్లా తిరిగి పుస్తెలు కుదువపెడుతుంది. రెండవది విని బిడ్డను మంచానికి అప్పగిస్తుంది. రెండు జవాబులూ అన్యాయమైనవే.

దూరం సైతం ఇచ్చట ఒక వైకల్యమే. కంచిలి నుండి విశాఖపట్నం రెండు వందల కిలోమీటర్లకు పైమాట. అందుచేత ఎందరో సరిహద్దు దాటి బరంపురం పోతారు. జీడిపప్పు ఒలిచి రోజుకూలి సంపాదించే తల్లికి బిడ్డను చంకనెత్తుకొని ఆసుపత్రికి పోయిన ప్రతిదినమూ కూలి పోయిన దినమే. పైగా పరీక్ష గదిలో గచ్చునేల మీద నడిచిన బిడ్డ, ఉద్దానపు ఇసుకలో నాలుగడుగులు వేయలేకపోవచ్చు. పరీక్షలో చేయగలిగినది వేరు, వాకిట్లో చేస్తున్నది వేరు. రెండింటినీ వ్రాసిపెట్టినప్పుడే బిడ్డకు చక్రాల కుర్చీ కావాలో, చేతికర్ర కావాలో, వాకిట్లో నాలుగు పలకలు పరచడమే చాలునో తేలుతుంది.

ప్రభుత్వ కొలత లేదా అంటే, ఉన్నది. సదరం శిబిరంలో వైకల్యశాతాన్ని నిర్ణయిస్తారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మస్తిష్క పక్షవాతం ఒకటి. 40 శాతం వైకల్యం ఉంటే పలు సౌకర్యాలకు అర్హత లభిస్తుంది. 2024లో మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకు 3,000 నుండి 6,000 రూపాయలకు పెరిగింది. ఈ సాయం ఎంతో విలువైనది. కాని గమనించండి. ఆ శాతం లేనిదానిని కొలుస్తుంది. జి.ఎం.ఎఫ్.ఎం. ఉన్నదానిని కొలుస్తుంది. ఈ రెండూ ఒక్కటేనని తల్లి భ్రమపడితే, బిడ్డ మెరుగైతే పింఛను పోతుందేమోనన్న భయం ఆమె గుండెలో గూడు కట్టుకుంటుంది. బిడ్డ అడుగు వేస్తే సంతోషించవలసిన తల్లి భయపడవలసి రావడం కన్నా దైన్యం మరొకటి ఉంటుందా? కనుక వికాసాన్ని కొలిచే పుస్తకం వేరుగా ఉండాలి. దానికి పింఛనుతో ఏ సంబంధమూ లేదని అధికారులు స్పష్టంగా ప్రకటించాలి.

మనమేమి చేయగలమని విద్యార్థులు అడగవచ్చు. జి.ఎం.ఎఫ్.ఎం. శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు చేయవలసిన పని. దానిని మనం ముట్టరాదు. కాని ఆలస్యాన్ని పసిగట్టడానికి మన దేశంలోనే తేలికైన సాధనం ఉన్నది. 1991లో తిరువనంతపురంలో డాక్టర్ ఎం.కె.సి. నాయర్ బృందం ప్రకటించిన పట్టికలో 17 అంశాలే ఉన్నవి. బిడ్డ వయస్సు దగ్గర ఒక నిలువుగీత గీసి, ఆ గీతకు ఎడమవైపున పూర్తిగా మిగిలిపోయిన అంశాలు బిడ్డకు వచ్చినవో లేదో చూడడమే పరీక్ష. రెండేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ కార్యకర్త కొద్ది నిమిషాలలో చేయగలదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద అంగన్‌వాడీ పిల్లలను ఏటా రెండుసార్లు పరీక్షించాలన్న నియమం ఉన్నది. లోపం కనిపించిన బిడ్డను జిల్లా కేంద్రానికి పంపే ఏర్పాటూ ఉన్నది. చట్టం ఉన్నది, పథకం ఉన్నది. తల్లికీ వాటికీ నడుమ వారధి లేదు.

ఆ వారధిగా మన విద్యార్థులు నిలవాలని నా ప్రార్థన. కమిటీ పెద్దలకు మూడు విన్నపాలు చేస్తున్నాను. మొదటిది, జాతీయ సేవా పథకం శిబిరాలలో ఒక దినాన్ని శిశు వికాసానికి కేటాయించి, అంగన్‌వాడీ కార్యకర్తల వెంట విద్యార్థులను ఇంటింటికీ పంపాలి. రెండవది, మన పత్రిక రెండు భాషలలో వెలువడుతున్నట్లే, శిశువు ఏ నెలలో ఏమి చేయాలో తెలిపే ఒక్క పుట పట్టికను తెలుగులో, ఉర్దూలో, ఇచ్ఛాపురం సరిహద్దు గ్రామాల కొరకు ఒడియాలో అచ్చువేయించాలి. మూడవది, భవిత కేంద్రాలలో పనిచేసే ఫిజియోథెరపిస్టులను ఆహ్వానించి, ప్రతి బిడ్డ తల్లికీ మార్కులు వ్రాసిన చిన్న పుస్తకం చేతికివ్వవలసిందిగా కోరాలి. ఆరు నెలలకొకసారి ఒక అంకె. అంతకన్నా ఎక్కువ అవసరం లేదు.

అంకె వ్యాధిని నయం చేయదని విమర్శించేవారుంటారు. నిజమే. కాని పెద్దవారవుతున్న కొద్దీ మూడు, నాలుగు, అయిదు స్థాయిల పిల్లలకు ఉన్న కదలిక కూడా తగ్గుతుందని 2009లో వెలువడిన పరిశోధన తెలిపింది. అట్టివారికి ఉన్నదానిని నిలుపుకోవడమే లాభం. తగ్గుదలను తొలిదశలోనే కనిపెట్టేది కొలత ఒక్కటే. అంకె లేనిచోట ఆశ అంధవిశ్వాసమవుతుంది, నిరాశ నిర్లక్ష్యమవుతుంది.

విద్యార్థులారా! మీరు పరీక్షలలో మార్కుల కొరకు శ్రమించేవారు. ఒక్క మార్కు విలువ మీకు తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది? మీ వీధిలో ఒక బిడ్డ సున్న నుండి ఒకటికి వచ్చిన నాడు, ఆ ఇంటి గడప తొక్కి ఆ తల్లిని అభినందించండి. అరిసెలు మూడు మార్కులకే పంచాలని ఏ శాస్త్రమూ చెప్పలేదు.