తాగుడు, దిగులు - వైద్యం ఒకేచోట కావాలి

హరిశ్చంద్రపురం: కిడ్నీ జబ్బుకు ఉద్దానం ప్రజలు ఏళ్ల తరబడి విశాఖకు పరుగులు తీశారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచాక ఆ బాధ కొంత తీరింది. ప్రభుత్వ మానసిక వైద్యశాల మాత్రం వంద కిలోమీటర్ల పైచిలుకు దూరాన విశాఖలోనే ఉంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు కొబ్బరి, జీడి తోటలు కూలాయి. కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అప్పు తీరక, నిద్ర పట్టక సీసా పట్టినవాణ్ని ఊరు తాగుబోతు అంటుంది. దిగులు సంగతి ఎవరూ అడగరు. దిగులు తాగిస్తుంది, తాగుడు దిగులును పెంచుతుంది. ఒకదానికే మందిస్తే రెండోది తిరగబెడుతుంది.

ఏళ్లుగా రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు. గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరకు తీసుకెళితే ప్రాణం మీదకు వస్తుంది. వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

పల్లెకు ఈ వైద్యం చేర్చడానికే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బి.పి., షుగరు చూసేటప్పుడే నిద్ర, దిగులు, తాగుడు గురించి కూడా అడగాలి. మందులు అక్కడే ఇవ్వాలి. మానినవాడు మళ్లీ సీసా పట్టకుండా ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి కనిపెట్టాలి. ఈలోగా 14416కు ఫోను చేస్తే రేయింబవళ్లు తెలుగులో ఉచితంగా సలహా దొరుకుతుంది.