ద్వారం దగ్గర నిలబడినవారి మాట ఎవరు వినాలి?

2026 మార్చి 31 నాటికి మావోయిస్టు ఉద్యమాన్ని తుదముట్టిస్తామని కేంద్ర ప్రభుత్వం గడువు పెట్టుకున్నది. 2025 ఏప్రిల్, మే నెలల్లో మన ములుగు జిల్లాను ఆనుకొని ఉన్న కర్రెగుట్టల్లో రోజుల తరబడి సాగిన కూంబింగ్ అందులో భాగమే. ఎంతమంది చనిపోయారు, ఎంతమంది లొంగిపోయారు అన్న లెక్కలు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ఆ యుద్ధానికి భయపడి ఇరవై ఏళ్ల కిందట సరిహద్దు దాటి మన అడవుల్లో తలదాచుకున్న గొత్తికోయల లెక్క మాత్రం అంత సులభంగా కనబడదు. "గొడవలు సద్దుమణిగాయి కదా, ఇక మీ ఊళ్లకు మీరు పోండి" అనే మాట రేపు ఏ అధికారి నోటనైనా రావచ్చు. ఆ మాట వచ్చేలోగా మన సంఘాలు ఈ విషయాన్ని కొంచెం నిదానంగా ఆలోచించాలి.

కొత్తగూడ, గంగారం, తాడ్వాయి ప్రాంతాల వారికి గొత్తికోయలను పరిచయం చేయనవసరం లేదు. మిర్చి ఏరే కాలంలో వాళ్లు లేకపోతే చేలల్లో పని సాగదు. గొత్తికోయలన్నది ఇక్కడ మనం పిలుచుకునే పేరు. ఛత్తీస్‌గఢ్‌లో వారు మురియా గోండులు, అక్కడ షెడ్యూల్డ్ తెగ. కూలికి వచ్చిపోవడం పాత సంగతే గానీ, ఊళ్లకు ఊళ్లు లేచి రావడం 2005 తర్వాతే మొదలైంది. ఆ ఏడాది జూన్‌లో బీజాపూర్ వైపు సల్వాజుడుం పుట్టింది. మావోయిస్టులకు వ్యతిరేకంగా ఆదివాసీల చేతికే ఆయుధాలిచ్చిన ఏర్పాటు అది. శిబిరానికి రాని ఊరు మావోయిస్టుల ఊరన్నారు, శిబిరానికి పోయినవాడు పోలీసుల మనిషన్నారు. ఆరు వందలకు పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఇళ్లు తగలబడ్డాయి. రెండు తుపాకుల మధ్య నిలబడలేనివారు అడవి దారుల్లో ఇటు వచ్చారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో ఒకరు మన తెలుగువారైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. తీర్పు గొప్పదే. అయితే ఒక్క కుటుంబాన్నైనా తిరిగి ఇంటికి చేర్చే శక్తి తీర్పు కాగితానికి ఉండదు.

ఇతర దేశాల్లో ప్రాణభయంతో పారిపోయి వచ్చినవారు ఆశ్రయం కోరే పద్ధతి ఎలా ఉంటుందో ఒకసారి చూద్దాం. అర్జీ పెట్టుకుంటారు. అధికారి కూర్చోబెట్టి ఎందుకు వచ్చావని అడుగుతాడు. కాదంటే, ఎందుకు కాదంటున్నాడో రాసి ఇస్తాడు. ఆ కాగితం పట్టుకొని పై అధికారి దగ్గరకో, కోర్టుకో పోవచ్చు. ఆ పద్ధతిలో లోపాలు లేవని కాదు. ఏళ్ల తరబడి ఎదురుచూపులు, నిర్బంధ కేంద్రాల్లో కుటుంబాల అవస్థలు మనం చదువుతున్నాం. 2019 జనవరిలో అమెరికా అధికారులు ఫార్మింగ్టన్ అనే పేరుతో తామే పెట్టిన నకిలీ విశ్వవిద్యాలయం కేసులో 129 మంది భారతీయ విద్యార్థులను నిర్బంధించారు. వారిలో తెలుగు పిల్లలు చాలామంది. అప్పుడు మనమంతా ఏమడిగాం? వాళ్ల మాట వినండి, లాయరును కలవనివ్వండి, మన రాయబార కార్యాలయం వారిని చూడనివ్వండి అన్నాం. అది న్యాయమైన కోరికే.

మన దేశం 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు. ఆశ్రయం కోరేవారి కోసం ప్రత్యేక చట్టమూ లేదు. నిన్నమొన్నటి దాకా 1946 నాటి విదేశీయుల చట్టం, 2025 సెప్టెంబర్ 1 నుంచి దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం, ఈ రెంటితోనే నడుస్తున్నది. హైదరాబాద్ బాలాపూర్‌లో ఉంటున్న రోహింగ్యాల చేతిలో ఐక్యరాజ్య సమితి ఇచ్చిన కార్డులున్నా, ప్రభుత్వం దృష్టిలో వారు అక్రమంగా వచ్చిన విదేశీయులే. అయినా వారి విషయంలో కూడా, నిర్దేశించిన విధానం పాటించకుండా పంపించవద్దని 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు అన్నది.

గొత్తికోయలు విదేశీయులు కారు. ఈ దేశ పౌరులు. భారతదేశంలో ఎక్కడికైనా పోయి, ఎక్కడైనా నివసించే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం వారికిచ్చింది. కాబట్టి వారు ఎవరినీ ఆశ్రయం అడగనవసరం లేదు, కాదనే అధికారమూ ఎవరికీ లేదు. చిక్కంతా ఇక్కడే ఉన్నది. అర్జీ పెట్టుకునే కార్యాలయం లేదు కాబట్టి తిరస్కరించినట్టు కాగితం రాదు. కాగితం లేదు కాబట్టి అప్పీలు లేదు. నిరాకరణ మాత్రం రోజూ జరుగుతూనే ఉంటుంది.

అది ఎలా జరుగుతుందో చూడండి. షెడ్యూల్డ్ తెగల జాబితా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినవాడు మరో రాష్ట్రానికి వలసపోతే అక్కడ ఎస్టీ కాడని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆంధ్ర నుంచి బొంబాయికి పోయిన ఒక ఉద్యోగి కొడుకు వైద్య కళాశాల సీటు కోసం వేసిన కేసు అది. ఉద్యోగం మీద పోయినవాడికీ, ఇల్లు తగలబడి పారిపోయినవాడికీ ఇప్పుడు ఒకటే కొలత. ఇక అటవీ హక్కుల చట్టం. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి భూమి ఆధీనంలో ఉండాలన్నది దాని షరతు. సల్వాజుడుం పుట్టిందే ఆ ఏడాది జూన్‌లో. ఆరు నెలల్లో పారిపోయి వచ్చి, అడవి కొట్టి, సాగు మొదలుపెట్టి ఉంటే తప్ప గొత్తికోయకు ఆ చట్టంలో చోటు లేదు. 2023 జూన్ 30 నుంచి రాష్ట్ర ప్రభుత్వం లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచింది. ఇక్కడి కోయ, లంబాడా కుటుంబాలు ఎన్నో ఏళ్లుగా ఎదురుచూసిన పట్టాలవి. కొత్తగా వచ్చినవారు ఆ వరుసలో నిలబడలేకపోయారు.

స్థానిక ఎస్టీలకైతే ఒక మెట్టు ఉన్నది. దరఖాస్తు కాదంటే కారణం రాసివ్వాలి, అరవై రోజుల్లో పైకి అప్పీలు చేసుకోవచ్చు. 2019 ఫిబ్రవరి 13న, దరఖాస్తులు తిరస్కరణకు గురైనవారిని ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు దేశమంతా గగ్గోలు పుట్టింది. రెండు వారాల్లో కోర్టు తన ఉత్తర్వును తానే ఆపి, ఆ తిరస్కరణలు సరైన పద్ధతిలో జరిగాయా అని రాష్ట్రాలను అడిగింది. కాగితం ఉన్నందువల్లే ఆ ప్రశ్న అడగడం సాధ్యమైంది.

కాగితం లేనివారికి ఏమవుతుందో 2017 సెప్టెంబర్‌లో తాడ్వాయి మండలం జలగలంచలో చూశాం. అప్పుడది జయశంకర్ భూపాలపల్లి జిల్లా. ఏటూరునాగారం అభయారణ్యంలో ఉన్న ఆ గూడెం మీదికి అటవీ, పోలీసు సిబ్బంది వచ్చి గుడిసెలు కూల్చారు. అడ్డుపడిన మహిళలను చెట్లకు కట్టేశారన్న వార్తలు అప్పట్లో అందరినీ కలచివేశాయి. వానాకాలం ఇంకా పోలేదు. ఆ తర్వాత విషయం హైకోర్టుకు పోయింది, ఇళ్లు కూల్చవద్దని కోర్టు చెప్పింది. హైదరాబాద్‌లో ఎవరో న్యాయవాది పట్టించుకుంటే తప్ప వినబడని గొంతులవి.

ఇంతమాత్రం చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. అటవీ శాఖ వారి బాధ కూడా నిజమే. పోడు కోసం నరికిన చెట్టు మళ్లీ రాదు, పాకాల, ఏటూరునాగారం అడవులు ఏటా పలచబడుతున్న సంగతి ఇక్కడి పశువుల కాపరులకు కూడా తెలుసు. తమ వాటా తగ్గుతుందన్న స్థానిక కోయల భయాన్నీ కొట్టిపారేయలేం. 2022 నవంబర్ 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ శ్రీనివాసరావును ప్లాంటేషన్ దగ్గర దారుణంగా చంపారు. విధి నిర్వహణలో ఉన్న మనిషి ఆయన. ఆ నేరానికి విచారణ జరిగింది, 2023లో ఇద్దరికి జీవిత ఖైదు పడింది. జరగవలసింది అదే. కానీ విచారణ మొదలు కాకముందే బెండాలపాడు గ్రామ పంచాయతీ మరో పని చేసింది. ఎర్రబోడు గొత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు వెళ్లగొట్టాలని తీర్మానించింది. ఇద్దరు చేసిన నేరానికి కోర్టు విచారణ ఉన్నది, చంటిపిల్లలతో సహా గూడెమంతటినీ వెళ్లగొట్టడానికి మాత్రం చేతులెత్తితే సరిపోయింది. ఆ కోపం అర్థమవుతుంది, ఆ తీర్మానాన్ని మాత్రం ఏ చట్టమూ ఒప్పుకోదు.

లేఖనాలు చదివేవారికి ఆశ్రయపురముల సంగతి తెలుసు. యెహోషువ కాలంలో ఆరు పట్టణాలను అందుకోసం ప్రత్యేకించారు. చేతికి రక్తం అంటినవాడు సైతం పట్టణ ద్వారం దగ్గర నిలబడి, పెద్దలకు తన సంగతి చెప్పుకోవచ్చు. వారు విని, లోపలికి చేర్చుకొని, ఉండడానికి చోటివ్వాలి. ఆ తర్వాత సమాజం ఎదుట విచారణ. ఇశ్రాయేలీయులకే కాదు, వారి మధ్య ఉండే పరదేశికి కూడా ఆ పట్టణాలే. దీన్ని మనం ఎక్కువగా రక్షణకు సాదృశ్యంగా బోధిస్తాం. అక్షరాలా చదివితే అది ఒక పాలనా విధానం: ముందు వినడం, తర్వాత తీర్పు. ద్వారం దగ్గర పెద్దలు కూర్చొని ఉండాలన్నది దాని ప్రాణం.

మన దేశంలోనే మిజోరంలో ఇలాంటిది జరిగింది. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక చిన్ తెగవారు వేలాదిగా సరిహద్దు దాటారు. శరణార్థి హోదా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు లేదని ఆ మార్చి 10న కేంద్ర హోం శాఖ లేఖ రాసింది. వాళ్లు మా రక్తసంబంధీకులు, వెనక్కి నెట్టలేమని ముఖ్యమంత్రి జోరంథంగా ప్రధానికి తిరిగి రాశారు. సంఘాలు, యువజన సంస్థలు బియ్యం పోగుచేసి, ముప్పై వేలమందికి పైగా ఆశ్రయమిచ్చాయి. చిన్‌లు కూడా క్రైస్తవులే కాబట్టి అది తేలికైందని ఎవరైనా అంటే కాదనలేం. ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. 2022 డిసెంబర్‌లో నారాయణ్‌పూర్‌లో విశ్వాసం కారణంగా ఊళ్ల నుంచి వెళ్లగొట్టబడిన ఆదివాసీ క్రైస్తవులు స్టేడియంలో తలదాచుకున్నప్పుడు మన సంఘాలన్నీ ప్రార్థించాయి. జలగలంచ గుడిసెలు కూలినప్పుడు అంత ప్రార్థన వినబడలేదు.

ఇప్పుడు అడగవలసినవి పెద్ద కోరికలు కావు. మొదట లెక్క తేలాలి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం తమ నుంచి వెళ్లిపోయినవారు పదివేల పైచిలుకు అన్నది, స్వచ్ఛంద సంస్థల అంచనా యాభై వేల దాకా ఉన్నది. రెండు రాష్ట్రాలు కలిసి గూడెం గూడెం తిరిగి రాసుకోవాలి. తిరిగి పోవాలనుకునేవారికి అక్కడ భూమి, భద్రత చూపించి పంపాలి, ఉంటామనేవారి మాట రాతపూర్వకంగా తీసుకోవాలి, కాదంటే కారణం రాసివ్వాలి. ఏటూరునాగారం ఐటీడీఏలో ఒక అధికారికి ఈ పని అప్పగిస్తే సగం దారి నడిచినట్టే. గూడేలకు వెళ్లే కాపరులు, సువార్తికులు చేయగలిగిందీ ఒకటుంది. ఏ కుటుంబం ఏ ఊరి నుంచి ఏ ఏడాది వచ్చింది, ఏ పిల్ల ఎక్కడ పుట్టింది అన్నది ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. పుట్టినప్పుడే జనన ధ్రువీకరణ పత్రం తీయించండి. వాళ్లు మన ఆరాధనకు వస్తారా రారా అన్నది ఆ పుస్తకంలో రాయనవసరం లేదు.

2007లో ఇక్కడి గూడెంలో పుట్టిన పిల్లకు ఓటు వయసు వచ్చేసింది. కుల ధ్రువీకరణ పత్రం కోసం తహసీల్దార్ దగ్గరకు పోతే మీది ఛత్తీస్‌గఢ్ అంటారు. అక్కడికి పోతే 1950 నాటికి మీ తాతముత్తాతలు ఆ ఊళ్లో ఉన్నట్టు రికార్డు తెమ్మంటారు, ఆ ఊరేమో 2006లో తగలబడింది.