కడుపునొప్పే కదా అనుకోవద్దు!

బ్లడ్ క్యాన్సర్‌కి కీమో నడుస్తున్న రోజుల్లో పొట్టలో నొప్పి వస్తే అది అజీర్ణం కాకపోవచ్చు. తెల్లారేదాకా ఆగే వ్యవధీ ఉండకపోవచ్చు.

రాత్రి పదకొండు దాటింది. పదిహేనేళ్ల కుర్రాడు మంచం మీద కాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. అక్యూట్ లుకేమియాకి హైదరాబాద్‌లో మూడో విడత కీమో పూర్తిచేసుకుని ఇంటికొచ్చి వారమైంది. మధ్యాహ్నం నుంచీ బొడ్డుకి కుడిపక్క, కాస్త కిందగా నొప్పి. ‘పొద్దున తిన్న ఇడ్లీ అరగలేదేమోరా’ అంటూ నాయనమ్మ వాము నమిలించింది. సాయంత్రం రెండుసార్లు నీళ్ల విరేచనాలయ్యాయి. ఒళ్లు వెచ్చబడితే తల్లి పారాసెటమాల్ వేసింది. జ్వరం తగ్గింది... నొప్పి తగ్గలేదు. ‘ఇప్పుడు బండి ఎక్కడ దొరుకుతుంది? తెల్లారాక మొదటి బస్సుకి వెళదాం’ అంటున్నాడు తండ్రి.

లుకేమియా ఉన్న ఏ ఇంట్లోనైనా ఇది ఇలాగే మొదలవ్వొచ్చు. ఇక్కడ ఎవరూ అశ్రద్ధ చేయలేదు. మామూలు పిల్లాడికైతే వాళ్లు చేసిందంతా సబబే. కానీ కీమో తర్వాత రెండు మూడు వారాల పాటు ఆ కుర్రాడి ఒంట్లో పరిస్థితి వేరు. అప్పుడు వచ్చే కడుపునొప్పికి లెక్కలూ వేరే.

కాపలా లేని కోట

మన ఎముకల్లోని మూలుగే రక్తకణాల కర్మాగారం. అక్యూట్ లుకేమియాలో అక్కడ ఎదగని తెల్లకణాలు గుట్టలుగా పుట్టుకొచ్చి, పనికొచ్చే కణాలకు చోటు లేకుండా చేస్తాయి. వాటిని తుడిచిపెట్టడానికి కీమో ఇస్తారు. ఆ మందులు చెడ్డకణాలతోపాటు మంచికణాలనూ తుడిచేస్తాయి. ముఖ్యంగా బ్యాక్టీరియాతో ముందుండి పోరాడే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు దాదాపు మాయమవుతాయి. కీమో మొదలైన వారం పదిరోజుల తర్వాత ఈ సంఖ్య అట్టడుగుకు చేరుతుంది.

ఆరోగ్యవంతుల్లో ఘన మిల్లీమీటరు రక్తంలో న్యూట్రోఫిల్స్ 1,500కు పైనే ఉంటాయి. 500 కంటే తగ్గితే ప్రమాదం. 100 కంటే తగ్గితే మరీ ప్రమాదం. రిపోర్టు చూసి ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. మొత్తం తెల్లకణాలు 1,200, అందులో న్యూట్రోఫిల్స్ 20 శాతం అని ఉంటే... ఉన్నవి 240 మాత్రమే అన్నమాట. 

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. కీమో మందులు వేగంగా విభజన చెందే కణాల మీద పనిచేస్తాయి. పేగు లోపలిపొర కూడా నాలుగైదు రోజులకోసారి కొత్తగా తయారవుతూ ఉంటుంది. అందుకే అదీ దెబ్బతింటుంది. నోట్లో పుండ్లు పడుతున్నాయంటే లోపల పేగుల్లోనూ అలాంటివే ఉండే అవకాశం ఉంది. పేగుల నిండా కోట్లాది బ్యాక్టీరియా ఉండనే ఉంటుంది. గోడ పల్చబడింది. కాపలావాళ్లు లేరు. ఇన్నాళ్లూ బుద్ధిగా ఉన్న బ్యాక్టీరియా గోడలోకి చొరబడుతుంది. గోడ వాస్తుంది. ముదిరితే రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకుతుంది, పేగుకి చిల్లు పడుతుంది. 

అంధనాళంలోనే ఎందుకు?

చిన్నపేగు వచ్చి పెద్దపేగులో కలిసేచోట, పొట్టలో కుడివైపు కింద, సంచిలాంటి భాగం ఒకటి ఉంటుంది. అవతలి కొస మూసుకుపోయి ఉంటుంది కాబట్టి దాన్ని ‘అంధనాళం’ అన్నారు. గ్రీకు భాషలోనూ గుడ్డిది అనే అర్థం వచ్చే ‘టిఫ్లాస్’ అన్న మాటే వాడారు. ఈ వాపుకి ‘టిఫ్లైటిస్’ అనే పేరు అందులోంచే వచ్చింది. లుకేమియా పిల్లల్లో కనిపించిన ఈ సమస్యను 1970లో అమెరికా వైద్యులు ఆ పేరుతో ప్రచురించారు. పెద్దల్లోనూ వస్తుందనీ, అంధనాళం దాటి పక్కనున్న పేగులకూ పాకుతుందనీ తెలిశాక ‘న్యూట్రోపీనిక్ ఎంటరోకొలైటిస్’ అంటున్నారు.

అంధనాళం ఎక్కువగా ఉబ్బే గుణమున్న భాగం. అది ఉబ్బినప్పుడు గోడలోకి రక్తసరఫరా తగ్గుతుంది. పైగా మలం అక్కడ నిదానంగా కదులుతుంది. అందుకే దెబ్బ మొదట అక్కడే తగులుతుంది.

ఇటలీ వైద్యులు 2001లో వెలువరించిన అధ్యయనంలో 1,450 మంది లుకేమియా రోగుల్లో 88 మందికి ఈ సమస్య కనిపించింది. అంటే నూటికి ఆరుగురు. ముఖ్యంగా సైటారబిన్ మందు ఎక్కువ మోతాదులో వాడే రోగుల విషయంలో వైద్యులు దీన్ని ఎప్పుడూ మనసులో పెట్టుకుంటారు.

ఎందుకు పోల్చుకోలేరు?

జ్వరం, కడుపునొప్పి, తెల్లకణాలు పడిపోయి ఉండటం... ఈ మూడూ కలిస్తే టిఫ్లైటిస్‌ని అనుమానించాలి. విరేచనాలు, కడుపు ఉబ్బరం, వాంతులు తోడు కావచ్చు. మలంలో రక్తం పడొచ్చు. నొప్పి అపెండిసైటిస్‌ని పోలి ఉంటుంది. అసలు అపెండిసైటిసే అయ్యుండే అవకాశమూ లేకపోలేదు.

మామూలు మనిషికి పేగు చిల్లుపడితే పొట్ట చెక్కలా బిగుసుకుపోతుంది. చెయ్యి వేయనివ్వరు. లుకేమియా రోగిలో ఆ గుర్తులు కనిపించకపోవచ్చు. వాపూ చీమూ రావాలన్నా తెల్లకణాలు కావాలి కదా! దానికి తోడు, లింఫోబ్లాస్టిక్ రకానికి ఇచ్చే చికిత్సలో ప్రెడ్నిసొలోన్, డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్లు ఉంటాయి. అవి జ్వరాన్నీ నొప్పినీ కప్పిపెడతాయి. పొట్ట మెత్తగానే ఉందని సంబరపడ్డానికి వీల్లేదు. 

అందుకే వైద్యులు చేత్తో నొక్కిచూసి ఊరుకోరు. అల్ట్రాసౌండ్ గానీ సీటీ స్కాన్ గానీ చేయిస్తారు. పేగు గోడ మందం 4 మిల్లీమీటర్లు మించితే అనుమానం బలపడుతుంది. పైన చెప్పిన ఇటలీ అధ్యయనంలోనే ఇంకో సంగతి తేలింది. గోడ మందం 10 మిల్లీమీటర్లు దాటినవారిలో నూటికి 60 మంది చనిపోయారు. అంతకంటే తక్కువ ఉన్నవారిలో నూటికి నలుగురు. గోడ అంత దళసరిగా వాచే పరిస్థితి రాకముందే చికిత్స మొదలవ్వాలని డాక్టర్లు తొందరపెట్టేది అందుకే.

కత్తి పట్టాలా, ఆగాలా?

పొట్టలో అంత ప్రమాదం ఉంటే వెంటనే ఆపరేషన్ చేసేయొచ్చు కదా అనిపిస్తుంది. అదంత తేలిక కాదు. ప్లేట్‌లెట్లు మామూలుగా లక్షన్నరకు పైనే ఉండాలి. ఈ రోగుల్లో అవి పది, ఇరవై వేలకు పడిపోయి ఉంటాయి. కోస్తే రక్తం ఆగదు. కోసినచోట గాయం మానదు. అందువల్ల ముందు మందులతో ప్రయత్నిస్తారు.

నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా పేగుకి విశ్రాంతినిస్తారు. అవసరమైతే ముక్కులోంచి గొట్టం వేసి కడుపులోని ద్రవాలు తీసేస్తారు. సెలైన్ పెడతారు. రకరకాల బ్యాక్టీరియా మీద ఒకేసారి పనిచేసే శక్తిమంతమైన యాంటీబయోటిక్స్‌ని నరంలోకి ఇస్తారు. జ్వరం లొంగకపోతే ఫంగస్ మందులూ జతచేస్తారు. ప్లేట్‌లెట్లు, రక్తం ఎక్కిస్తారు. కొందరికి తెల్లకణాలు త్వరగా పెరగడానికి జీ-సీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఆ తర్వాత ఎదురుచూడటమే. కౌంట్ పెరగడం మొదలైతే చాలామందిలో పేగు తనంతట తానే కోలుకుంటుంది. 

పేగుకి చిల్లుపడినా, ప్లేట్‌లెట్లు ఎక్కించినా రక్తస్రావం ఆగకపోయినా, మందులు వాడుతున్నా పరిస్థితి దిగజారుతున్నా అప్పుడు సర్జన్ కత్తి పట్టక తప్పదు. అందుకే మొదటి రోజు నుంచే సర్జన్ కూడా వచ్చి రోగిని చూసి వెళుతుంటారు. సర్జన్ వచ్చారంటే ఆపరేషన్ ఖాయమని బెంబేలు పడనక్కర్లేదు.

నొప్పి ఒకటే... కారణాలు ఎన్నో

పొట్టలో నొప్పి అంతా టిఫ్లైటిసే కాదు. పిల్లల లుకేమియాలో కీలకమైన ఎల్-ఆస్పరాజినేజ్ మందు కొందరిలో క్లోమగ్రంథికి వాపు తెస్తుంది. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడుచుకొచ్చే నొప్పి దాని లక్షణం. విన్‌క్రిస్టిన్ మందు పేగుల కదలికను మందగింపజేస్తుంది. రోజుల తరబడి మలబద్ధకం, పొట్ట ఉబ్బరం ఉంటే అది కారణం కావచ్చు. కొన్ని ఫంగస్ మందులు తోడైతే ఆ దుష్ప్రభావం ఇంకా పెరుగుతుంది. యాంటీబయోటిక్స్ ఎక్కువ కాలం వాడినవారిలో క్లాస్ట్రిడియమ్ డిఫిసీల్ అనే బ్యాక్టీరియా విరేచనాలకు దారితీస్తుంది. 

మలద్వారం దగ్గర నొప్పిని సిగ్గుపడి చాలామంది చెప్పరు. కౌంట్ లేనప్పుడు అక్కడ చిన్న చీలిక వచ్చినా ఇన్ఫెక్షన్ ప్రాణాల మీదికి తేగలదు. బయటికి చీము గడ్డ కూడా కనిపించకపోవచ్చు. 

ఇక పొట్టతో సంబంధంలేని అత్యవసరాలూ ఉన్నాయి. చికిత్స మొదలైన తొలిరోజుల్లో చెడ్డకణాలు ఒక్కసారిగా చచ్చి, రక్తంలో యూరిక్ యాసిడ్, పొటాషియం, ఫాస్ఫరస్ పెరిగిపోతాయి. దాంతో కిడ్నీలు దెబ్బతినొచ్చు, గుండె లయ తప్పొచ్చు. అందుకే ముందునుంచే సెలైన్లు ఎక్కిస్తారు, అల్లోప్యురినాల్ లాంటి మందులు ఇస్తారు. తెల్లకణాలు లక్ష దాటితే రక్తం చిక్కబడి ఊపిరితిత్తుల్లో, మెదడులో ప్రవాహానికి అడ్డుపడొచ్చు. ఆయాసం, మగత దానికి సూచనలు. 

ప్రోమైలోసైటిక్ అనే రకం లుకేమియాలో రక్తస్రావం తొలిరోజుల్లోనే ప్రాణం తీయగలదు. విచిత్రమేమిటంటే, ఆ గండం గడిస్తే నయమయ్యే అవకాశం అన్నిటికంటే ఎక్కువున్న లుకేమియాల్లో అదొకటి. విటమిన్-ఎ నుంచి వచ్చిన ఏటీఆర్ఏ మందుతో దాన్ని లొంగదీయవచ్చని షాంఘై వైద్యులు 1988లో ప్రపంచానికి చెప్పారు.

భీమవరం నుంచి బోస్టన్ దాకా

లుకేమియా అంటే ఇక అంతే అనుకునే రోజులవి. 1948 జూన్‌లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఒక వార్త ప్రచురించారు. అమినాప్టెరిన్ అనే మందు ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. ఆ మందును తయారుచేసిచ్చింది లెడర్లీ ప్రయోగశాలలో మన ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం. 1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు స్ప్రూ అనే పేగుల జబ్బుకు తోబుట్టువును పోగొట్టుకున్నారు. అదే జబ్బు ఆయన్నీ పీడించింది. ఆ పట్టుదలే ఆయన్ను ఫోలిక్ యాసిడ్ పరిశోధన వైపు నడిపించిందంటారు. ఆ దారిలోనే అమినాప్టెరిన్, ఆ తర్వాత మెథోట్రెక్సేట్ వచ్చాయి. ఫార్బర్ ఫలితాలు వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

మెథోట్రెక్సేట్ ఇప్పటికీ పిల్లల లుకేమియా చికిత్సలో ఉంది. సంపన్న దేశాల్లో లింఫోబ్లాస్టిక్ లుకేమియా వచ్చిన పిల్లల్లో నూటికి 90 మంది వరకూ బతుకుతున్నారు. కొత్త మందులతోపాటు, ఇన్ఫెక్షన్‌ని గంటల్లో పసిగట్టి అడ్డుకోవడం కూడా అందుకు కారణమే. జబ్బు తగ్గుతూ ఉండగా మధ్యలో వచ్చే ఒక్క రాత్రి జ్వరానికి పిల్లాణ్ని పోగొట్టుకోకూడదన్నదే వైద్యుల ఆరాటం.

ఇంట్లో గుర్తుంచుకోవాల్సినవి

• థర్మామీటర్ ఇంట్లో ఉండాలి. ఒక్కసారి 101 డిగ్రీల ఫారన్‌హీట్ వచ్చినా, 100.4 డిగ్రీలు గంటసేపు ఉన్నా అది అత్యవసరమే. ఆసుపత్రి చేరిన గంటలోపు యాంటీబయోటిక్ పడాలి.

• డాక్టర్‌తో మాట్లాడకుండా పారాసెటమాల్ వేయొద్దు. జ్వరం దాక్కుంటుంది, ఇన్ఫెక్షన్ అలాగే ఉంటుంది.

• డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందులు వద్దు. ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు కండకు ఇంజెక్షన్ చేస్తే లోపల రక్తం గడ్డకడుతుంది.

• ఎనిమా ఇవ్వొద్దు. మలద్వారంలో మందుబిళ్లలు, థర్మామీటర్ పెట్టొద్దు. ఆముదం తాగించొద్దు. విరేచనాలు ఆగే మాత్రలు సొంతంగా వాడొద్దు.

• జ్వరం లేకపోయినా, స్టెరాయిడ్లు వాడుతున్న రోగికి కడుపునొప్పి వస్తే వెంటనే ఫోన్ చేయాలి.

• చికిత్స కాగితాలు, చివరి రక్తపరీక్ష రిపోర్టు ఒకే సంచిలో ఉంచాలి. వార్డు ఫోన్ నంబరు గోడ మీద రాసిపెట్టుకోవాలి. 

• ఊరు దూరమైతే కీమో తర్వాత కౌంట్ పెరిగేదాకా ఆసుపత్రికి దగ్గర్లో బస చేసే వీలుందేమో డిశ్చార్జికి ముందే అడగాలి. 

మళ్లీ ఆ ఇంటికే వద్దాం. తండ్రి చేయాల్సింది తెల్లారే బస్సు కోసం చూడటం కాదు. ముందు వార్డుకి ఫోన్ చేయాలి. ‘కీమో అయి వారమైంది. జ్వరం వచ్చింది. కుడిపక్క కడుపునొప్పి’ అని ఈ మూడు ముక్కలూ చెప్పాలి. ఆ తర్వాత 108కి ఫోన్ చేయాలి. హైదరాబాద్ మరీ దూరమైతే దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, అక్కడి డాక్టర్‌ని వార్డు డాక్టర్‌తో మాట్లాడించాలి. మొదటి యాంటీబయోటిక్ అక్కడే పడిపోతే మిగతా ప్రయాణం కాస్త నిబ్బరంగా సాగుతుంది.

తీరా చూస్తే అది ఉత్త అజీర్ణమే అయ్యుండొచ్చు. అప్పుడు పోయేది ఒక రాత్రి నిద్ర, బండి కిరాయి. అంతే!