రహీం సాబ్ డిఫెన్స్ ఎరగరా?

సంపాదకులకు,

హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీంకు దాడి తప్ప డిఫెన్స్ పట్టలేదని మీ ఆదివారం వ్యాసం తేల్చేసింది. తప్పు.

నిజమే, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది ఆయన నడిపిన భారత జట్టే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లోనూ గ్రూపు మ్యాచ్‌లో దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. కానీ ఫైనల్లో అదే కొరియాకు దక్కింది ఒక్క గోలు, అదీ ఆట ముగియబోతుండగా!

ఇక జర్నైల్ సింగ్ సంగతి. అసలు డిఫెండర్. ఆ క్రీడల్లో తలకు కుట్లు పడ్డా రహీం ఆయన్ని పక్కన కూర్చోబెట్టకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. ఫైనల్లో మన రెండో గోలు ఆయనదే. వెనక వరుసపై భరోసా లేని కోచ్ అంత పని చేస్తాడా? ఆయనకు డిఫెన్స్ పట్టలేదన్న మాట సవరించి ప్రచురించండి.

– ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, పాలకుర్తి, జనగామ జిల్లా