స్ప్రే కొట్టి ‘వన్ మోర్’ అంటే ప్రథమ చికిత్స అయిపోదు

2019లో థాయ్‌లాండ్‌లో స్కైడైవింగ్ సాధన చేస్తూ హీరో శర్వానంద్ భుజం దెబ్బతింటే, హైదరాబాద్‌లో జరిగిన శస్త్రచికిత్స వివరాలు పత్రికలన్నీ రాశాయి. రాయడంలో తప్పేమీ లేదు. 2022 కామన్వెల్త్ క్రీడల్లో ఎడమకాలి నొప్పితోనే స్వర్ణం గెలిచిన పి.వి. సింధు, అది స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలాక నెలల తరబడి ఆటకు దూరంగా ఉండాల్సి వచ్చింది. మళ్లీ కోర్టులో దిగింది 2023 జనవరిలోనే. ఆ విశ్రాంతిని ఎవరూ బద్ధకం అనలేదు. మరి ఫిల్మ్‌నగర్ సెట్లో అదే కాలితో పొద్దుట్నుంచి రాత్రిదాకా ఎగిరి దూకే గ్రూప్ డాన్సర్‌కి చీలమండ బెణికితే, పత్రికల మాట అటుంచండి, ప్రొడక్షన్ వాళ్ల పుస్తకంలో ఒక్క వాక్యమైనా ఎందుకుండదు?

ఆమె చేసేది వినోదం కాదు, కఠినమైన శారీరక శ్రమ. క్రీడాకారిణి శరీరం మీద పడే భారమే ఆమె శరీరం మీదా పడుతుంది. పైగా హైహీల్స్, సిమెంటు నేల, పాటలో వానుంటే తడి నేల. కృష్ణానగర్‌లో నేను మాట్లాడిన డాన్సర్లకు గాయమంటే తెలిసిన వైద్యం ఒకటే: చల్లటి స్ప్రే, పైన ఒక క్రేప్ బ్యాండేజీ, ఆ పైన ‘వన్ మోర్’. స్ప్రే నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుంది, అంతే. ఆగమని హెచ్చరించే నొప్పిని నోరు నొక్కి మళ్లీ గెంతించడాన్ని చికిత్స అనడం ఎంత దబాయింపు!

ఎక్స్‌రే ఎప్పుడు తీయించాలో తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లోనే తేలికైన పద్ధతి చెప్పారు. దెబ్బ తగిలాక నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండకు రెండు పక్కలా పొడుచుకొచ్చే ఎముక కొసను గానీ వెనక అంచును గానీ నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించాలి. ఇది సెట్లో లైట్‌బాయ్‌కి కూడా పది నిమిషాల్లో నేర్పవచ్చు. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరుగుతున్నా, మాట తడబడుతున్నా ఆ రోజుకి పని బంద్. మెడకో వెన్నుకో దెబ్బ తగిలిందన్న అనుమానముంటే నలుగురూ చేతులేసి లేపకూడదు.

వైద్యం దూరమనే సాకు ఇక్కడ చెల్లదు. జూబ్లీహిల్స్‌లో 1988 నుంచీ అపోలో ఆసుపత్రి ఉంది. 108 సర్వీసు 2005 ఆగస్టు 15న మొదలైందీ ఈ నగరంలోనే. సెట్లో కొరవడిందల్లా షాట్ ఆపమని చెప్పే అధికారం. 2019 ఆగస్టు నుంచి అంతర్జాతీయ క్రికెట్‌లో తలకు దెబ్బ తగిలిన ఆటగాడి స్థానంలో మరొకరిని దించవచ్చు. ఆ గాయాన్ని నిర్ధారించేది కెప్టెన్ కాదు, వైద్య ప్రతినిధి. మన సెట్లో డైరెక్టర్, డాన్స్ మాస్టర్, ప్రొడక్షన్ మేనేజర్ అందరూ కెప్టెన్లే. డాన్సర్ స్థానంలో వేరొకరు రావడం ఇక్కడా ఉంది, కాకపోతే అది శిక్ష. ఇవాళ కుంటినామెకు రేపు కబురు రాదు. అందుకే ఆమె నొప్పి దాచుకుంటుంది.

ఆడవాళ్ల ఒళ్లు సుకుమారం కాబట్టి గాయాలు సహజమనే వాళ్లకు ఒక మాట. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆడే స్త్రీలలో మోకాలి ఏసీఎల్ లిగమెంటు తెగడం మగవాళ్లకన్నా కొన్ని రెట్లు ఎక్కువన్నది నిజమే. దానికి తుంటి ఎముకనూ, హార్మోన్లనూ కారణంగా చూపిన పరిశోధకులున్నారు. కానీ న్యూయార్క్ బాలే, ఆధునిక నృత్య కళాకారుల మీద 2008లో వెలువడిన అధ్యయనంలో ఈ గాయం అసలే తక్కువ, స్త్రీ పురుషుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కూడా లేదు. ఎగిరి నేలను తాకడం చిన్ననాటి నుంచి పద్ధతిగా నేర్పడమే కారణం కావచ్చని ఆ పరిశోధకులే అన్నారు. అంటే నింద మోయాల్సింది తుంటి ఎముక కాదు. శిక్షణ ఎవరికి ఇచ్చారు, ఏ నేల మీద గెంతమన్నారు, ఒళ్లు వేడెక్కడానికి ఎంత సమయమిచ్చారు అని అడగాలి.

ఇంకో సంగతి మరీ మింగుడుపడదు. బహిరంగ స్థలంలో గుండె ఆగి పడిపోతే, మగవాళ్లకన్నా స్త్రీలకు చుట్టుపక్కలవారు సీపీఆర్ చేయడం తక్కువని పాశ్చాత్య దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. ఛాతీ మీద చెయ్యి వేయడానికి సంకోచమట! మనమూ ఆలోచించుకోవాలి. అదే ఛాతీని కెమెరాతో దగ్గరగా చూపించడానికి లేని సంకోచం, ప్రాణం నిలపడానికి వస్తుందా?

ప్రమాదమనే మాటను కూడా పరిశ్రమ తన వీలు కొద్దీ వాడుకుంటుంది. హీరోయిన్‌కి బదులు విగ్గు పెట్టుకున్న మగ ఫైటర్ దూకడం మనకు కొత్త కాదు. ఫైట్ ప్రమాదం గనక ఆడవాళ్లకు వద్దంటారు, ఆ పనీ ఆ డబ్బూ మగవాళ్లకే పోతాయి. తడి నేల మీద హీల్స్‌తో గెంతడం మాత్రం ప్రమాదాల లెక్కలోకి రాదు.

రాతపూర్వక ఒప్పందం లేకుండా పనిలో పెట్టుకోకూడదని 1981 నాటి సినీ కార్మికుల చట్టమే చెప్పింది. ఆ చట్టాన్ని కలుపుకొని 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోనూ ఆ మాట ఉంది. పనిలో జరిగిన ప్రమాదానికి నష్టపరిహారం ఇవ్వాలన్నది 1923 నుంచీ ఉన్న సూత్రం. అయితే రాయని గాయానికి పరిహారం ఎవరిస్తారు? 2025 ఆగస్టులో సినీ కార్మికులు 30 శాతం వేతన పెంపు కోసం రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. కూలి పెరగాల్సిందే. తరువాతి చర్చల్లో ప్రతి సెట్లో గాయాల రిజిస్టరు, షాట్ ఆపే హక్కున్న శిక్షణ పొందిన మనిషి, గాయపడిన రోజుకి పూర్తి కూలి, కోలుకున్నాక అదే పని కూడా ఉండాలి. ఆ శిక్షణ ముందుగా డాన్సర్లకూ జూనియర్ ఆర్టిస్టులకూ ఇవ్వండి. రిజిస్టరులో గాయపడినామె సంతకం ఉండాలి, నకలు ఆమె చేతికి రావాలి.